తల వంచి ఫోటో తీసే భాయ్

పోయిన శుక్రవారం పొద్దున నా టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తుతుంటే ఎదురు చాయ్ హోటలతను రోడ్డు దాటి వచ్చాడు. "మాస్టర్, మన స్టూడియో భాయ్ పోయిండు. రాత్రి నిద్రల్నే" అన్నాడు. సగం లేచిన షట్టర్‌ను మళ్లీ కిందికి దించాను. 

అమీర్‌పేటలో ఆయన స్టూడియోకూ నా షాపుకూ మధ్య ఒక్క గోడే. పై అంతస్తులన్నీ కంప్యూటర్ కోచింగులు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు ఉద్యోగాలకనీ వీసాలకనీ ఫోటోలకు వచ్చేవాళ్లు. కోటు నాది, ఫోటో ఆయనది. అందరికీ ఒకటే కోటు. వెనక నేను బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తే, ముందు నుంచి కొలిచి కుట్టినట్టే ఉండేది. ఆ చిన్న ఫోటోలకు ఆయన కూడా డిజిటల్ కెమెరా కొన్నాడు. ఇంటిల్లిపాదీ వస్తే మాత్రం లోపల్నుంచి 'డబ్బా' బయటికి వచ్చేది.

డబ్బా అంటే ఆయన పాత మీడియం ఫార్మాట్ కెమెరా. ముందు ఒకదాని మీద ఒకటి కళ్లలాంటి రెండు లెన్సులు. పైన మూత తెరిచి, తల వంచి లోపలికి చూడాలి. వెడల్పాటి ఫిల్ము, రీలుకు పన్నెండే ఫోటోలు. ఒకటి తీశాక పక్కనున్న మీట చేత్తో తిప్పితేనే ఫిల్ము ముందుకు జరుగుతుంది. మరిచిపోతే రెండో బొమ్మ మొదటిదాని మీదే పడుతుంది. డబ్బాలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. ఎన్నేళ్లు వాడినా ఆయన దాన్ని ఇటు తిప్పబోయి అటు తిప్పేవాడు. "అరే, గటు కాదే, గిటు!" అని దాన్నే తిట్టేవాడు. కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. అప్పుడు నొక్కేవాడు.

ఒకసారి ఒక కుర్రాడు ఫోటో తీయగానే లేచొచ్చి, "అన్నా, ఎట్లొచ్చిందో జర చూపియ్యవా" అన్నాడు. భాయ్ డబ్బా వెనక్కి తిప్పి, తెర ఉండాల్సిన చోట ఉన్న నల్లటి తోలు చూపించాడు. "చూడు, మస్తుగొచ్చినవ్. జర నల్లగ పడ్డవ్, అంతే." ఆ పిల్లవాడు నిజంగానే వంగి చూశాడు.

ఫిల్ము దొరకడం కష్టమయ్యాక కోఠీ దాకా పోయి వెతికి తెచ్చేవాడు. ఎందుకంత తిప్పలు అంటే, "మొఖంల మొఖం పెట్టి చూస్తే మనిషి భయపడ్తడు మాస్టర్. తల వంచి అడిగితే తనే మొఖం ఇస్తడు" అనేవాడు.

నాకు ఫోటో అంటేనే భయం. పెళ్లిలో ఫోటోలు లేవు. తర్వాత కూడా కెమెరా కనపడితే ఏదో పని ఉన్నట్టు పక్కకి తప్పుకునేవాణ్ని. అట్లా మా ఆవిడా నేనూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేకుండా పోయింది. పంజాగుట్ట ఆసుపత్రిలో ఆమెకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు ఆమె అడిగింది అదొక్కటే. "నాకేమన్న అయితే మనం కలిసున్నట్టు ఒక్క ఫోటో సుత లేదు" అంది.

స్టూడియోకు పోయాం. నల్లగుడ్డ ముందు బల్ల. ఆమె ఒక కొసన కూర్చుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"రా మాస్టర్, అక్క పక్కకు కూసో."

"ముందు ఆమెది తియ్యి భాయ్."

"పెండ్లయి ఇన్నేండ్లాయె, నా పక్కకు కూసోనికి గింత సిగ్గేందయ్యా?" అంది మా ఆవిడ.

ఆమెను ఒక్కదాన్నే తీశాడు. మళ్లీ నన్ను పిలిచాడు, బతిమాలాడు, తిట్టాడు. నేను కదల్లేదు. చివరికి ఆమె విసుగొచ్చి లేచి బయటికి పోయింది. అప్పుడు పోయి రెండో కొసన కూర్చున్నాను. నా ఫోటో కూడా తీశాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం భాయ్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక ఫోటో, మొహం వాడిపోయి ఉంది. "గల్తీ అయింది మాస్టర్. నీతోని కొట్లాటల మీట తిప్పుడు మరిచిన. ఇద్దరు ఒక్కదాంట్లనే పడ్డరు. ఇది చింపేస్త, ఇప్పుడే మళ్ల తీస్త, నడువుండ్రి." చింపబోయాడు.

మా ఆవిడ ఫోటో లాక్కుంది. "చింపితే ఊకోను అన్నా" అంది. చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుని నవ్వింది. భాయ్‌కి అప్పుడు గాని ఊపిరి రాలేదు. నా వైపు తిరిగి, "నువ్వు కూసోలే. డబ్బా కూసోబెట్టింది" అన్నాడు.

ఆ ఫోటో ఆమెతో పాటు ఆసుపత్రికి పోయింది, ఆమెతో పాటు తిరిగొచ్చింది.

మొన్న శుక్రవారం నమాజు తర్వాత అందరితో పాటు నేనూ భాయ్ గోరీలో మట్టి వేసి ఇంటికొచ్చాను. మా ఆవిడ అన్నం పెట్టింది గాని ఇద్దరికీ తినబుద్ధి కాలేదు. గోడ మీది ఫోటో వైపే చూస్తూ కూర్చున్నాం. చూసినవాళ్లు మేమిద్దరం కలిసే కూర్చున్నామనుకుంటారు. దగ్గరగా పోయి చూస్తేనే తెలుస్తుంది. బల్ల మీద పరిచి ఉన్న ఆమె కొంగు మీద నా చెయ్యి ఉంది. ఆ చేతిలోంచి కొంగు పువ్వులు కనిపిస్తున్నాయి.