అడుగు కనిపించే నీళ్లు

మా ఆయన టెంటులో పడుకుందాం అన్నప్పటి నుంచి నాకు కంగారే. ఓడలరేవు దగ్గర సరుగుడు తోటల మధ్య, ఇసకలోంచి మంచినీళ్లు ఊరే గుంట ఒకటుంది. ఈమధ్య దాని చుట్టూ పార్కు కట్టి, అద్దెకు టెంట్లు ఇస్తున్నారు. పాములుంటాయేమో, గాలివాన వస్తుందేమో, తొమ్మిదేళ్ల పిల్లను అక్కడికెందుకు అని దారి పొడుగునా సణిగాను. "ఇంట్లో కూర్చున్నా భయపడతావు, ఆ భయమేదో అక్కడే పడు" అన్నారాయన.

తీరా గుంట చూశాక కాస్త కుదుటపడ్డాను. అడుగున ఇసక రేణువులు కూడా కనబడుతున్నాయి. రాజోలులో పుట్టి పెరిగినదాన్ని, కాలవలో ఎర్రనీళ్లే ఎరుగుదును. అడుగు కనబడిందంటే మోకాలి లోతేనని మా లెక్క. పిల్లకూ అదే నేర్పాను, అడుగు కనిపించని చోట దిగకమ్మా అని.

సాయంత్రం నేను టెంటులో దుప్పట్లు పరుస్తున్నాను. బయట మా ఆయన కొత్తపేటలో ఉండే వాళ్ల పెదనాన్నగారితో ఫోనులో ఉన్నారు. ఆ పెద్దాయన ఫోను చేస్తే ఈయన మాట్లాడేదేమీ ఉండదు, మా వైపు మర్యాదగా ఊకొట్టే "ఆయ్... ఆయ్... అలాగేనండి" తప్ప. చిక్కేమిటంటే, కూతురితోనూ ముద్దుకి అలాగే అంటారు. అది ఐస్‌క్రీం అడిగినా "ఆయ్", బడి మానేస్తానన్నా "ఆయ్".

"నాన్నగారూ, నీళ్లలోకి దిగనా?" అని పిల్ల గొంతు వినిపించింది.

"ఆయ్" అన్నారు.

ఆ మాట ఎవరితో అన్నారో నాకు అర్థమయ్యేసరికి కొంత ఆలస్యమైంది. దుప్పటి వదిలేసి పరిగెత్తాను. నీళ్ల మధ్య జడ ఒక్కటే తేలుతోంది. మోకాలి లోతే కదా అని దిగితే నాకే మెడ దాకా వచ్చాయి. జడ పట్టుకునే లాగాను. ఒడ్డున పడి దగ్గింది, కక్కింది, ఏడ్చింది. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. రెండు దెబ్బలు వేశాను కూడా.

"అడిగేనమ్మా, నాన్నగారు ఆయ్ అన్నారు. అడుగు కూడా కనబడింది" అంది వెక్కుతూ.

"నేను పెదనాన్నగారితో అన్నానమ్మా" అన్నారు మా ఆయన. తిడదామని నోరు తెరిచి, ఆ అడుగు మాట నేను నేర్పిందే కదా అని ఆగిపోయాను.

ఆయన తువ్వాలు తెచ్చి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల తుడవడం మొదలుపెట్టారు. చీకటి పడింది.

"తల ఆరిపోయింది నాన్నగారూ" అందది.

ఆయన తుడుస్తూనే ఉన్నారు.