గులాబీలు పట్టనన్న అక్క

ఈ పొద్దున ఉప్మా తింటూ మా ఆశ్రమం హాల్లో మగవాళ్లంతా టీవీ ముందు కూర్చుని యుద్ధం గెలిచేశారు. కళ్లజోడు ఎక్కడ పెట్టాడో గుర్తులేని పెద్దమనిషి ఒకాయన చెంచాతో గాల్లో గీతలు గీస్తూ సైన్యాన్ని ఎటు నడపాలో చెప్తున్నాడు. నాకు మా గది అక్క గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఒక్క చూపుతో టీవీ కట్టేయించేది.

నేను బడిపంతులమ్మగా రిటైరై వనపర్తి ఊరి చివర ఉన్న ఈ వృద్ధాశ్రమానికి వచ్చేసరికే ఆమె కిటికీ పక్క మంచం మీద ఉంది. అమ్రాబాద్ దిక్కు రైతుల బిడ్డ. పెళ్లి చేసుకోలేదు. తన దుప్పటి కొలత పెట్టినట్టు మడిచి, నా మంచం మీద ముడత కనిపిస్తే దాన్నీ సరిచేసేది. మాత్రలు వేసుకోమంటే మొండికేసే వాళ్ల ముందు నీళ్ల గ్లాసుతో నిలబడేది; మింగేదాకా కదిలేది కాదు. ఏ హాస్టల్ వార్డెనో అయ్యుంటుందనుకున్నాను. ఆశ్రమం ఫారంలో మాత్రం, ఆమెను చేర్పించిన అన్న కొడుకు 'ఇంటి పని' అని రాయించాడు.

ఒక ఆగస్టు పదిహేనుకు ముఖ్య అతిథిగా ఎవరో పెద్దాయన వస్తున్నాడని హడావిడి. మాతోపాటే ఉండే ఉప్పునుంతల హవల్దారుకు శాలువా కప్పాలని నిర్ణయించారు. డెబ్బై ఒకటి యుద్ధంలో కాలికి తూటా తగిలి, ఇప్పటికీ కుంటుతూ నడిచే మనిషి. మేనేజరు అక్కకు గులాబీల పళ్లెం అందించి, "పెద్దమ్మా, సార్ రాంగనే ఇయ్యాలె," అన్నాడు.

"ఆ యుద్ధంల నేను గూడ ఉన్న. నేను గులాబీలు పట్ట."

"మీరా? ఏం జేసిన్రు?"

"నర్సుగ జేసిన."

మేనేజరు నవ్వాడు. "తుపాకి పట్టినోళ్లకే సన్మానం, అమ్మా."

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి గదికొచ్చి ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున మిలిటరీ ముద్రున్న పాత కాగితం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుని, అన్నేళ్లలో నాకు చెప్పనిది అప్పుడు చెప్పింది. తూర్పు సరిహద్దు దగ్గర సైనిక దవాఖాన. రైళ్ల నిండా గాయపడ్డవాళ్లు. మంచాలు చాలక నేల మీద చాపలు. అదే వార్డులో పట్టుబడ్డ అవతలి సిపాయిలు కూడా. వాళ్ల కట్లు చివర్లో మార్చమని సాటివాళ్లే పోరుపెట్టారట.

"నేను మంచాల వరుస తప్పలే. ఐదో మంచం తర్వాత ఆరో మంచమే. రెండు చేతులకు కట్లున్నోనికి అన్నం గూడ తినవెట్టిన. ఎవరేమనుకుంటే నాకేంది?"

"మరి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదేం?"

"మిలిట్రీల జేసిన ఆడిదంటే ఇంట్ల పిల్లలకు సంబంధాలు రావన్నడు మా అన్న. పట్నంల ఉద్యోగమని ఊర్ల చెప్పుకున్నరు. నోరు మూసుకొమ్మన్నరు, మూసుకున్న. ఇగ చాలు."

గద్వాల నూలు చీర కట్టుకుని, కాగితం పట్టుకుని, నేరుగా మైకు దగ్గరికి నడిచింది. మేనేజరు అడ్డమొచ్చి, "అమ్మా, ఇది కార్యక్రమంల లేదు," అన్నాడు.

"ఇప్పుడు చేరింది. జర పక్కకు జరుగు, బిడ్డా."

తన పేరు చదివింది. తర్వాత హోదా చదివింది: లెఫ్టినెంట్. ముందు వరుసలో హవల్దారు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. కాలు నొప్పికి మొహం ముడుచుకుపోయినా నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

మేనేజరు కంగారుగా, "మీరు కూసోండి సార్," అన్నాడు.

"మిలిట్రీల నర్సమ్మలు గూడ ఆఫీసర్లే. హవల్దారు కంటే లెఫ్టినెంట్ పెద్ద. మేడమ్ నిలవడ్డంక నేనెట్ల కూసుంట?"

వచ్చిన పెద్దాయన గబగబా ఆ శాలువా ఆమెకు కప్పబోయాడు. ఆమె రెండు చేతులతో వెనక్కిచ్చేసింది. "అది ఆయనది. నాకు ఉక్కపోస్తది. ఫారం మీద ఇంటి పని అని రాసిన్రు, అది దిద్దుండ్రి, చాలు."

ఆ మధ్యాహ్నమే మేనేజరు దిద్దాడు. లెఫ్టినెంట్‌కు వత్తు సరిగా పడేదాకా ఆమె పక్కనే నిలబడింది. సాయంత్రం అన్న కొడుకు ఫోన్ చేసి ఊరంతా తెలిసిపోయిందని పరేషానయ్యాడు. "తెల్వనీ," అని ఆమె ఫోన్ పెట్టేసి చపాతీలకు పోయింది.

తర్వాత రెండేళ్లు బతికింది. ఆమె భోజనాల గదిలోకి వచ్చిన ప్రతిసారీ హవల్దారు లేచి నిలబడేవాడు, ఆమె వద్దనేది కాదు. ఆ రెండేళ్లే ఆమె తను తానుగా బతికిందని నాకనిపిస్తుంది. అంతకుముందు యాభై ఏళ్లు ఇంకెవరో ఆమె పేరున గడిపేశారు.