గుమ్మం వైపు తిరిగిన పిన్ని

ఈ రోజు మా పిన్నిని ఇక్కడ మలేషియాలోని గెంటింగ్ కొండ మీదికి తీసుకెళ్లాను. చిన్నాన్న పోయాక ఆవిడ ఇల్లు కదలడం ఇదే మొదటిసారి.

కేసినో బయట పెద్ద హాల్లో దీపాల ప్రదర్శన ఉంటుంది. టికెట్ లేదు, ఎవరైనా చూడొచ్చు. చిన్నాన్న నెలకోసారి లోపలికెళ్లి జూదం ఆడుతుంటే, పిన్ని పులిహోర డబ్బాతో బయట కూర్చుని ఈ వేడుక చూస్తుందని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం. ఆవిడకి ఇష్టమనే తీసుకెళ్లాను.

సంగీతం మొదలైంది, రంగులు వెలిగాయి, పిల్లలు కేకలు పెట్టారు. పిన్ని మాత్రం బెంచీ మీద అటు తిరిగి కేసినో గుమ్మం వైపు చూస్తోంది.

"పిన్నీ, ఆట ఇటేపు లా!" అన్నాను మా మలేషియా యాసలో.

"ఇన్నేళ్లూ ఇదేటో నాను సూడనేదమ్మా. మీ సిన్నాన్న వచ్చి ఎతుక్కుంటాడని గుమ్మమే సూసీదాన్ని."

"ఇప్పుడు సూడు మరి."

నా మాట కాదనలేక ఇటు తిరిగి రెండు నిమిషాలు చూసింది. తర్వాత నాకు పులిహోర పెట్టి, సగం ఎప్పటిలాగే డబ్బాలో ఉంచి మూతపెట్టి, మళ్లీ అటు తిరిగింది. మా నవ్వులు గుర్తొచ్చి సిగ్గేసింది. నేనూ ఆవిడ పక్కన అటే తిరిగి కూర్చున్నాను.

ఆ ప్రదర్శన చూసినవాళ్లు ఎలా ఉంటుందో కాస్త చెప్పండి. మా ఇంట్లో ఇంకా ఎవరూ సరిగ్గా చూడలేదు.