బదులు పోయే ఆడవాళ్లు, హైదరాబాదు మేడమ్

సూర్యాపేటలో ఒక చెప్పుల దుకాణం మీది గదిలో మా పరిశోధన సంస్థ. ఉన్నది ఇద్దరమే: నేను, కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే మా డైరెక్టరు గారు. డబ్బు చేతులు మారకుండా ఊళ్లలో పనులు ఎలా నడుస్తాయో చదవడం మా పని. ఇదేం ఆర్థికశాస్త్రమని నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హైదరాబాదులోని ఒక దాతృత్వ సంస్థ మాత్రం నవ్వలేదు. కళ్లారా చూసి నిధులిస్తామంది. ఇవ్వకపోతే నెలాఖరుకు గదికి తాళం, నేను ఇంటికి.

చూపించడానికి మా దగ్గర మంచి సంగతే ఉంది. మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లిలో ఆడవాళ్లు నాట్లకు బదులు పోతారు. ఇవాళ నువ్వు నా మడిలో నాటేస్తే రేపు నేను నీ మడిలో వేస్తాను. కూలి మాటే ఉండదు. డబ్బులిచ్చే మేడమ్ వస్తోందని, నా కొలువు ఆవిడ చేతిలోనే ఉందని వాళ్లకు ముందే చెప్పాను. ఆవిడ వచ్చే రోజు పొద్దున సంబరంతో నాకు ముద్ద దిగలేదు.

మేడమ్ ఒడ్డు మీద నిలబడి, "మీరు బదులు పోతారటగా?" అని అడిగింది.

నాటేసే గుంపుకు పెద్ద ఒక అవ్వ. నడుమెత్తి నన్నొకసారి చూసి, "ఏం బదులు మేడమ్! అవన్నీ ఎన్కటి ముచ్చట్లు. ఇప్పుడు పైసలియ్యకుంటే ఎవలొస్తరు? శాన బీదోళ్లం. జర మీరే ఆదుకోవాలె" అంది.

మిగతావాళ్లంతా తలలూపారు. ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా ఇక్కడి జనం ముందుగా ఏమీ లేదనే చెబుతారు, ఉందంటే వచ్చేది ఆగిపోతుందని భయం. "అయిపోయిందండీ మన పని" అని డైరెక్టరు గారు గొణిగారు.

అంతలో పక్క మడి నుంచి ఒకామె కేకేసింది. "అవ్వా, మా కాడికి వస్తరా లేదా? నారు ఎండవట్టె!"

"వస్తున్నమే! మొన్న నువ్వు మా మడికి రాలేదా ఏంది?" అంటూ అవ్వ గుంపునంతా వెంటేసుకుని ఒడ్డు దాటింది.

"మరి ఇదేమిటి?" అంది మేడమ్.

అవ్వ నాలుక కరుచుకుంది. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. మేడమ్ కూడా ఒడ్డు మీదే కూలబడి నవ్వింది.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. మూడేళ్లకు నిధులు! మెట్లు ఎలా దిగానో తెలియదు. దొరికిన బస్సెక్కి మాడుగులపల్లిలో దిగి, "అవ్వా, నా కొలువు నిలిచింది!" అని మడి దగ్గరే అరిచాను.

"సూసినవా, లేదంటేనే ఇచ్చిన్రు" అంది అవ్వ గర్వంగా.

"నీ అబద్ధంతో నా కొంప మునిగేది! ఎందుకు చెప్పావు?"

"నీ కొలువు పోతదంటివి గదా. పోయినేడు నా కోడలికి జరమొస్తే ఆమె జాగల నువ్వే దిగి నాటేసినవ్. గా దినానికి బదులు నీకింక రాలేదాయె. రానీకి నీకేమో మడి లేకపాయె. లేదంటేనే పైసలిస్తరని అట్లన్న. నా చేతనైంది గదొక్కటే."

ఇన్నాళ్లూ ఒడ్డు మీద నిలబడి వాళ్లను చదువుతున్నాననే అనుకున్నాను. వాళ్లు నన్ను ఎప్పుడో తమలో కలుపుకున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "రేపు పొద్దుగాల్నే రా, ఇంక రెండు మడులున్నయ్" అంది.