జేబులో ఉన్న కళ్ళద్దాలు

మా వీధి చివరి ఇంట్లో ఉండే ప్రాసిక్యూటరమ్మ పోయిందని మొన్న పొద్దున పాల ప్యాకెట్లు వేసే మనిషి చెప్పాడు. గుండెపోటట. నేను అయ్యో అనలేదు. "ఏ ఇల్లు?" అని అడిగాను, తెలియనట్టు. ఆమె ఎదురుపడకుండా ఏళ్ళ తరబడి వెనక గల్లీలోంచి తిరిగిపోయిన మనిషికి ఆ ఇల్లు తెలియదా?

ఆమె సర్కారు తరఫు వకీలు. ఆమె వాదించిన కేసుల్లో దొంగలు గోడలు దూకేవాళ్ళు కాదు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, కూల్‌డ్రింకు తాగించి, సంతకం పెట్టించుకునేవాళ్ళు. "కత్తి చూపిచ్చినోణ్ణి జడ్జి ముందర నిలబెడితే ఒక్క మాటల అర్థమైతది బాపూ. పెన్ను చేతికిచ్చినోడు దొంగ అని చెప్పాలంటే ఏండ్లు పడ్తది" అనేది, మా కిరాణా దుకాణం ముందు నిలబడి. ఎప్పుడొచ్చినా ఏలకులే కొనేది. పొట్లం కట్టిన పేపరు ముక్కను అటూ ఇటూ తిప్పి చదివిగానీ కదిలేది కాదు.

ఆ పేపరు ముక్కల సంగతి కూడా చెప్పాలి, విసుక్కోకండి. నేను బడికి పోలేదు. పొట్లాలు కడుతూ చదవడం నేర్చుకున్నాను. అందుకే లోకంలో ఏ సంగతైనా నాకు సగమే తెలుసు. మిగతా సగం చింతపండుతో పాటు ఎవరింటికో వెళ్ళిపోయి ఉంటుంది. అయినా మా వీధికి నేనే పండితుణ్ణి. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. తెలుగైతే గడగడా చదివేవాణ్ణి. ఇంగ్లీషైతే కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీలు మెల్లగా తిప్పి, "అంతా మంచిగనే ఉన్నది" అనేవాణ్ణి.

ఒక కంపెనీ అలాంటి ఇంగ్లీషు కాగితాలే తెచ్చింది. మా పక్కనున్న విమానాశ్రయం పెరుగుతోంది, మంఖాల్ ఊరవతల ప్లాట్లు, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నెలనెలా కిరాయి కూడా ఇస్తామన్నారు. వీధివాళ్ళు కాగితాలు నా ముందు పెట్టారు. నేను పేజీలు తిప్పాను, తల ఊపాను. భూమి అమ్మిన డబ్బు పెట్టినవాళ్ళున్నారు. విమానాల సరుకు దించే కార్గోలో మూటలు మోసి దాచుకున్నది పెట్టినవాళ్ళున్నారు. నేనూ పెట్టాను. కొన్ని నెలలు కిరాయి వచ్చింది. తర్వాత కంపెనీ ఆఫీసుకు తాళం పడింది.

కేసు ఆమె చేతికొచ్చింది. మోసపోయామని పదిమందిలో చెప్పుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె అందర్నీ పిలిపించి కూర్చోబెట్టింది. "మీరు సిగ్గుపడి నోరు మూసుకుంటే వాళ్ళకు వేరే వకీలెందుకు? కాగితంల ఏమున్నదో మీకు తెల్వదు. వాళ్ళు నోటితోని చెప్పింది నమ్మిండ్రు. ఉన్నదున్నట్టు గదే చెప్పుండ్రి. కేసంతా దాని మీదనే నిలబడ్డది" అంది. అంటున్నంతసేపూ నా వైపే చూసింది.

కోర్టులో అవతలి వకీలు మంచి మాటకారి. "మీరు బాగా చదివిన పెద్దమనిషి. వీధిలో అందరూ కాగితాలు మీకే చూపిస్తారట కదా. సంతకం పెట్టేముందు ఇది చదివారా?" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది.

"చదివిన సార్. అక్షరం అక్షరం చదివిన."

నష్టమొస్తే కంపెనీకి బాధ్యత లేదని ఆ కాగితంలో ఉందట. అన్నీ తెలిసే పెట్టారన్నమాట అని ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. అప్పటికే సాక్ష్యం చెప్పి వెనక కూర్చున్న మా వీధివాళ్ళ వైపు నేను చూడలేకపోయాను.

ఆమె లేచింది. జడ్జిగారిని అడిగి కాగితం నా చేతికిచ్చింది. "బాపూ, మొదటి లైను చదువు."

"అద్దాలు తెచ్చుకోలేదమ్మా."

అద్దాలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి, డబ్బా సగం బయటికి కనిపిస్తూ. ఆమె జేబు వైపు చూసింది. ఆ మాట మాత్రం అనలేదు. తన కళ్ళద్దాలు తీసి నాకిచ్చింది. పెట్టుకున్నాను. అక్షరాలు పెద్దగా, నల్లగా, స్పష్టంగా కనిపించాయి. ఒక్కటీ పలకలేదు.

"నాకు ఇంగ్లీషు రాదు" అన్నాను.

"జర గట్టిగ చెప్పు బాపూ. రాసుకోవాలె."

మళ్ళీ చెప్పాను.

కంపెనీవాళ్ళకు శిక్ష పడింది. జప్తు చేసిన ఆస్తి అమ్మి, మా డబ్బు కొంచెం కొంచెంగా తిరిగిచ్చారు. మా వీధిలో ఆగిపోయిన ఇళ్ళకు స్లాబు పడింది ఆ డబ్బుతోనే. నేను మాత్రం ఆమెతో మాట మానేశాను. నా పరువు తీసిందని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఆమె ఏలకుల కోసం వస్తే, నిండు సీసా ఎదురుగా పెట్టుకుని "అయిపోయినయి" అన్నాను. ఆమె సీసా వైపు చూసింది, ఆ రోజు జేబు వైపు చూసినట్టే.

"సరే బాపూ. వచ్చినంక చెప్పు" అంది.

నేను చెప్పలేదు.

నిన్న ముందు దారిలోంచే ఆమె ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. ఆమెను సొంతూరికి తీసుకెళ్ళారట. గేటుకు ఒక కాగితం అంటించారు, ఇంగ్లీషులో. నెత్తి మీది విమానం మోత తగ్గాక, పూలమ్మే ఆమె బుట్ట దించి నా పక్కన నిలబడింది.

"ఏం రాసిండ్రు తాతా? దినం ఎప్పుడంట?"

చెయ్యి అలవాటుగా జేబు మీదికి పోయింది. అద్దాలు తియ్యలేదు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఎవరన్న వస్తె అడుగుదాం."

ఇద్దరం గేటు ముందు నిలబడ్డాం. చాలాసేపు ఎవరూ రాలేదు.