బాయిలో చెప్పిన యక్షుడి ప్రేమకథ

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత సంతకం తప్ప పెద్దగా ఏమీ రాయలేదు. మా ఆవిడ పక్కన కూర్చొని ఒత్తులు దిద్దుతానంటేనే మొదలుపెట్టాను. నేను చెప్పాలనుకున్నది నవలల గురించి. దయ్యాలు, యక్షులు, శాపాలు ఉండి, మధ్యలో ప్రేమ ఉండి, ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో చివరిదాకా తెలియని నవలలు. నేను అవి చదువుతానంటే గోదావరిఖనిలో నా తోటివాళ్లు మొదట నమ్మలేదు. బొగ్గు గనిలో, మా మాటలో చెప్పాలంటే బాయిలో, పని చేసేవాడు ప్రేమ నవలలు చదవడమేంటని నవ్వారు.

అలవాటు చేసింది మా ఆవిడే. ఒక వానాకాలం మా క్వార్టర్ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. దవాఖానలో కట్టు వేసి ఇంటికి పంపారు. టీవీ, ఫోను చూసి చూసి విసుగొచ్చి మంచం మీద గొణుగుతూ ఉండేవాణ్ణి. ఆమె మా బజారులో అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చుకుంటుంది. షాపంటే ఎంతో లేదు. జిరాక్స్ మిషన్ పక్కన రెండు ఇనుప బీరువాలు, అంతే. ఒకరోజు ఒక నవల నా పొట్ట మీద పడేసింది.

"గిట్ల మూలుగుడు బంజెయ్యి. గిది చదువు."

"నాకేం చదువొస్తది?"

"బస్సు బోర్డు చదువుతవు గద. గట్లనే చదువు. నిన్నెవలన్న జల్ది చెయ్యమన్నరా?"

అట్ట మీద ఒక అమ్మాయి, ఆమె వెనుక పొగలో రెండు కళ్లు. మొదటి పేజీకి మధ్యాహ్నమంతా పట్టింది. ఒత్తుల దగ్గర ఆగిపోయి ఆమెను పిలిచేవాణ్ణి. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూనే వచ్చి, చేతి తడి అంటకుండా మోచేత్తో పేజీ ఒత్తిపట్టి, చదివి చెప్పి పోయేది. కట్టు విప్పేసరికి ఆ నవల సగమైనా కాలేదు, కానీ వదలబుద్ధి కాలేదు.

ఎందుకు నచ్చిందంటే సరిగ్గా చెప్పలేను. మనలాంటివాళ్ల కథ అయితే ఏం జరుగుతుందో సగం ముందే తెలిసిపోతుంది. ఈ నవలల్లో ఒకడు గోడలోంచి నడిచి వస్తాడు. గాలిలో దీపాలు వెలిగిస్తాడు. అంత శక్తి ఉన్నవాడు కూడా ఒక అమ్మాయి ముందు మాట రాక నిలబడిపోతాడు. పెళ్లిచూపులకు పోయినప్పుడు నేనూ అట్లాగే నిలబడ్డాను. నా దగ్గర శక్తులేమీ లేవు, తేడా అంతే.

మళ్లీ డ్యూటీకి పోయాక ఈ సంగతి బయటపడింది. బాయిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. టిఫిన్ టైంలో గ్యాంగు అంతా ఒకచోట కూర్చొని గిన్నెలు విప్పుకుంటాం. టోపీల మీది లైట్లు ఒకరి కళ్లలో ఒకరికి పడకుండా తలలు వంచుకొని తింటాం. మాటలు తప్ప కాలక్షేపం ఉండదు. మా గ్యాంగులో అందరికన్నా పెద్దాయన్ని కాక అని పిలుస్తాం. నాకు చుట్టమేమీ కాదు. గని పైకప్పు కింద పడకుండా ఊతాలు పెట్టే పని ఆయనది. చదువు రాదు.

"ఏమ్రా, కాలు ఇరిగినన్ని దినాలు ఇంటికాడ ఏం జేసినవ్?" అని అడిగాడు కాక.

నేను చెప్పేలోపే మా పక్క క్వార్టర్ బావ అందుకున్నాడు. "నవలలు చదివిండట కాక. ఆడోళ్ల నవలలు. మా ఇంటామె చెప్పింది."

అందరూ నవ్వారు. కాక నవ్వలేదు. గిన్నెలో మామిడికాయ తొక్కు వెతుక్కుంటూ అడిగాడు.

"ఏముంటది గా పుస్తకాలల్ల?"

అప్పుడు నేను చదువుతున్నది ఇంకా ఆ మొదటి నవలే, యక్షుడిది. ఇప్పటిదాకా చదివినవాటిలో అన్నిటికన్నా లావుది. అదే చెప్పడం మొదలుపెట్టాను. ఒక గుట్ట లోపల గుహలో ఒక యక్షుడు ఉంటాడు. ఒక పెట్టెకు కాపలా కాయమని శాపం. ఎండలో అడుగు పెడితే అతని శక్తి పోతుంది. శక్తి పోయాక మామూలు మనిషి అవుతాడో, బూడిద అవుతాడో ఎవరికీ తెలియదు. ఆ గుట్ట మీద రోడ్డు వేయడానికి కొలతలు తీసుకునే అమ్మాయి ఒకామె వస్తుంది. ఆమె మేనమామ కన్ను ఆ పెట్టె మీద ఉంటుంది. ఒకరోజు ఆమె కాగడా పట్టుకొని గుహలోకి పోతుంది.

"ఆగు," అన్నాడు కాక. "కాగడానా? మంట తోని పోయిందా లోపలికి? గ్యాసు ఉంటే?"

"అది గుహ కాక. బాయి కాదు."

"గుహల గాలి ఆడుతదా లేదా సూడద్దా? సరే, పోనీ. పోయేముందు రూఫ్ కొట్టి సూసిందా?"

మా పనిలో అది మొదటి పాఠం. ఎక్కడికి పోయినా ముందు ఇనుప కడ్డీతో పైకప్పు మీద కొట్టి వినాలి. గట్టి శబ్దం వస్తే అడుగు ముందుకు. బోలుగా వినిపిస్తే వెనక్కి. కాక అది చేయకుండా ఎవరినీ కదలనివ్వడు.

"పుస్తకంల గట్ల లేదు కాక."

"లేకుంటే నువ్వు పెట్టు. గంత సదువుకున్న పిల్ల, రూఫ్ కొట్టకుంట పోతదారా?"

నేను పెట్టాను. మరునాటి నుంచి ఆ అమ్మాయి చేతిలో కాగడా లేదు, బ్యాటరీ లైటు ఉంది. ఇంకో చేతిలో కర్ర ఉంది. అడుగడుగుకూ కొట్టుకుంటూ పోయింది. రాయి లోపల నిద్రపోతున్న యక్షుడికి మొదట వినిపించింది ఆమె గొంతు కాదు, ఆ కర్ర శబ్దం. ఇది పుస్తకంలో లేదు. కాకకు మాత్రం చాలా నచ్చింది.

"ఇగ సూడు," అన్నాడు. "గట్ల కొట్టింది గనుకనే వానికి మనసయ్యింది."

"నీకు గూడ గట్లనే అయ్యిందా కాక, చిన్నమ్మ కడ్డీ పట్టుకొని వచ్చిందా?" అన్నాడు బావ. కాక భార్యను అందరం చిన్నమ్మ అంటాం.

"కడ్డీ గాదు, చీపురు పట్టుకొని వచ్చింది. తినురా."

మా పని చూసే సర్దారు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మనిషి. కథ వింటున్నట్టు కనబడకుండా కాస్త దూరంగా కూర్చునేవాడు. టైం కాగానే లేచి, "ఇక చాలు, పదండి పదండి" అనేవాడు. నాలుగు అడుగులు వేశాక నా పక్కకు వచ్చి మెల్లగా అడిగేవాడు.

"ఇంతకీ మేనమామకి ఆ గుహ సంగతి తెలిసిపోయిందా?"

ఇంటికి వచ్చి స్నానం చేసి, మరునాటికి కావలసినంత చదువుకునేవాణ్ణి. మా ఆవిడ అది ఎప్పుడో చదివేసింది. నేను పుస్తకం పట్టుకోగానే ఎదురుగా కూర్చొని నవ్వేది.

"బూడిదనా, మనిషినా? చెప్పాల్నా?"

"చెప్తే నేను అన్నం తినను."

"తినకు. కూర మిగులుతది."

ఇట్లా కథ సగం దాటిన తర్వాత ఒకరోజు కాక తిన్న గిన్నె మూత పెడుతూ చెప్పాడు. నెలాఖరుకు ఆయన రిటైర్ అవుతున్నాడు. మాకు తెలిసిన సంగతే. కానీ క్వార్టర్ వెంటనే ఖాళీ చేసి, మందమర్రి అవతల వాళ్ల పల్లెకు పోతున్నాడని అప్పుడే తెలిసింది.

"నేను పోయేలోపట గా యక్షుని సంగతి తేల్చు," అన్నాడు. "ఆడికి పోయినంక నాకెవడు చెప్తడు? పొలంకాడ ఎడ్లు చెప్తయా?"

"తేలుస్త కాక."

"బూడిదయితే బూడిదయ్యిండని చెప్పు. నా మనసు కోసం మార్చకు. గా కర్ర సంగతి వేరు."

ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. ఎప్పుడూ లేనిది ఆదివారం మార్కెట్టుకు కూడా పోకుండా కూర్చొని చదివాను. నెలాఖరుకు ఇంకా టైం ఉండగానే పుస్తకం పూర్తయింది. చివరి పేజీ చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. ఆఖరి భాగం కాక ఆఖరి షిఫ్టుకు దాచాలి. ఆయన బాయిలో చివరిసారి గిన్నె విప్పినప్పుడు చెప్పాలి. అందుకని మిగిలిన రోజుల్లో మేనమామను గుట్ట చుట్టూ తిప్పాను. బావ విసుక్కున్నాడు.

"గా మామ గింకా ఎన్నిసార్లు గుట్ట ఎక్కుతడు? మోకాళ్లు పోవా వానికి?"

నేను చేసిన తప్పు ఇదే. రిటైరయ్యే మనిషిని ఆఖరి రోజు కింద ఎక్కువసేపు ఉంచరు. లోపలికి పోయి, ఒకసారి పని చోటు చూసుకొని, మొక్కి, తొందరగా పైకి వచ్చేస్తాడు. పైన దండలు, శాలువా, మాటలు ఉంటాయి. ఎంతమందికి నేనే దండలు తెచ్చాను. ఎంతమందిని ఇంటిదాకా దిగబెట్టాను. అయినా కథ మోజులో ఆ సంగతే నా బుర్రకు తట్టలేదు.

ఆ రోజు కాక ఎప్పటిలాగే పైకప్పు కొట్టి చూశాడు. తన చేత్తో పెట్టిన ఊతాన్ని తాకి కళ్లకు అద్దుకున్నాడు. టిఫిన్ టైం ఇంకా కాలేదు. సర్దారు వచ్చాడు.

"పైన అందరూ ఎదురుచూస్తున్నారు బాబాయ్. పద."

"టిఫిన్ తిని పోత," అన్నాడు కాక.

"పైన భోజనాలే ఉన్నాయి. ఇప్పుడు టిఫినేంటి?"

కాక నా వైపు తిరిగాడు. ఆయన లైటు నా ముఖం మీద పడింది. అది తప్పని తెలిసినా పక్కకు తిప్పలేదు.

"తేలకపాయె గదరా," అన్నాడు.

"పైకి వచ్చినంక చెప్త కాక."

ఆయన పోయాక నాకు పని మీద చెయ్యి ఆడలేదు. ఆ రోజు టిఫిన్ టైంలో ఎవరూ కథ అడగలేదు. బావ కూడా నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

షిఫ్టు అయిపోగానే ఉరికినట్టే పైకి వచ్చాం. బాయి దగ్గర మైసమ్మ గుడి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. కాక మెడలో బంతిపూల దండలు గడ్డం దాకా ఉన్నాయి. మా షిఫ్టు వాళ్లు రావాలని సభ ఆపారట, ఆఫీసరు ఒకాయన అప్పుడే మాట్లాడుతున్నాడు. చుట్టూ మనుషులు. ఆయన దగ్గరికి పోయే సందు దొరకలేదు. తర్వాత ఓపెన్ జీపు ఎక్కించారు. నేనూ వెనక ఎక్కాను. ముందు డప్పులు మొదలయ్యాయి. నేను కాక చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"మేనమామ పెట్టె పట్టుకొని ఉరుకుతడు కాక. యక్షుడు గుహ ముంగటికి వస్తడు."

"ఏందీ?"

"గుహ ముంగటికి. బయట ఎండ ఉంటది."

"ఎవలకు ఎండదెబ్బ?"

డప్పుల వాళ్లు ఇంకా ఊపు అందుకున్నారు. కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. గిట్ల వద్దు. ఇంటికాడ చెప్పు. మీ చిన్నమ్మ గూడ ఇనాలె."

"చిన్నమ్మనా?"

"రోజు పొద్దుమూకి ఇంటికి పోయినంక నేనే చెప్తున్న ఆమెకు. నువ్వు చెప్పింది చెప్పినట్టు."

నాకు నవ్వొచ్చింది, తప్పు చెప్తే ఇద్దరికి చెప్పినట్టని భయం కూడా వేసింది. జీపులో ఒకరి ఫోన్ అడిగి మా ఆవిడకు చేసి, పుస్తకం పట్టుకొని కాక ఇంటికి రమ్మన్నాను.

కాక క్వార్టర్ ముందు టెంటు వేశారు. చుట్టాలు, పల్లె నుంచి వచ్చినవాళ్లు, మటన్ వాసన. లోపల సామానంతా అప్పటికే సంచుల్లో కట్టి ఉంది. చిన్నమ్మ మమ్మల్ని వెనక వరండాలోకి పిలిచి పీట వేసింది. నేను కథ చెప్పబోతే ఆపింది.

"చెప్పకు బిడ్డా. పుస్తకం జూసి చదువు. మీ కాక మాట నమ్మరాదు. గా పిల్లకు టోపీ పెట్టిండు, బూట్లు తొడిగిండు. నిన్నయితే మస్టర్ల హాజరు గూడ ఏయించిండు."

"నేను రూఫ్ ఒక్కటే పెట్టిన చిన్నమ్మ," అన్నాను.

"మిగతాది అవసరముండె," అన్నాడు కాక.

నోటితో ఎంతసేపైనా చెప్పగలను. నలుగురి ముందు చదవడం నాకు రాదు. సర్దారు గుమ్మంలో నిలబడ్డాడు. బావ విస్తరాకు చేతిలో పట్టుకొనే వచ్చాడు. మా ఆవిడ పుస్తకం నా చేతికిచ్చి పక్కన కూర్చుంది. ఆగిన చోటల్లా మెల్లగా మాట అందించింది. ఎవరూ నవ్వలేదు. బయట పిల్లలు కుర్చీల కోసం కొట్లాడుకుంటుంటే చిన్నమ్మ లేచి కసిరి తలుపు దగ్గరికి వేసింది.

మేనమామ ఒక చేత పెట్టె పట్టుకొని అమ్మాయిని గుట్ట అంచుకు లాక్కుపోతాడు. యక్షుడు గుహ వాకిట్లోకి వస్తాడు. ఎండ అతని పాదానికి బెత్తెడు దూరంలో ఉంటుంది. అమ్మాయి రావద్దని అరుస్తుంది. అతను అడుగు పెడతాడు. అక్కడ అధ్యాయం ముగుస్తుంది. నేను పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటుంటే కాక అన్నాడు.

"జల్ది తిప్పురా."

అతను బూడిద కాలేదు. మొదట అతనికి చెమట పట్టింది. అది ఏమిటో తెలియక నుదురు తుడుచుకొని చెయ్యి చూసుకున్నాడు. తర్వాత ఆకలి వేసింది. మేనమామ అమ్మాయిని వదిలేసి పెట్టెతో పారిపోయాడు. యక్షుడు, అమ్మాయి గుట్ట దిగుతుండగా పుస్తకం అయిపోయింది.

"మనిషయ్యిండు," అన్నాడు సర్దారు గుమ్మంలోంచి. ఆ రోజు మాత్రం దాచుకోలేదు.

కాక అడిగాడు.

"కిందికి దిగి ఏం జేస్తడట?"

"పుస్తకంల లేదు కాక."

"ఏం జేస్తడు? సంచి పట్టుకొని కూరగాయలు తెస్తడు," అన్నది చిన్నమ్మ.

"ఎనుకకు తిరిగి సూసిండా? గుహ దిక్కు?"

నేను పేజీ మీద వేలు పెట్టి ఇంకోసారి చూశాను. మా ఆవిడ కూడా వంగి చూసింది.

"చూడలే కాక. చక్కగ పోయిండు."

"అబద్ధం," అన్నాడు కాక. "సూస్తడు."

చిన్నమ్మ ఆయన మెడలో మిగిలిన దండ ఒకటి తీసి కొక్కేనికి తగిలించింది.

"సూస్తే సూసిండు. దిగుడైతే దిగిండు గద. లే, చేతులు కడుక్కో. కూర చల్లగయితుంది."

కాక లేచాడు. తొట్టి దగ్గర చెంబుతో నీళ్లు ముంచి ముందు నా చేతుల మీద పోశాడు. తర్వాత తన చేతులు కడుక్కున్నాడు. ఇద్దరం పక్కపక్కనే కూర్చొని తిన్నాం. మా ఆవిడ, చిన్నమ్మ వడ్డిస్తూ ఆ మేనమామను తిడుతూనే ఉన్నారు.