మంచు నిండిన బూట్లు

ఆ కాలంలో విదేశం వెళ్ళివచ్చిన మనిషిని నాచారంలో ఎవరూ "ఎట్లున్నది?" అని అడిగేవారు కాదు, "ఏం తెచ్చినవ్?" అని అడిగేవారు. నేను తెచ్చినది రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి. ఇప్పటికీ చిల్కానగర్‌లోని నా గదిలో, బీరువా రెండో అరలో అది భద్రంగా ఉంది. నాకు జ్ఞాపకం మీద నమ్మకం తక్కువ. రాసిపెట్టిన అంకె మీదనే నమ్మకం. అందువల్ల ఈ వృత్తాంతంలోని ప్రతి అంకెనూ ఆ పుస్తకంతో సరిచూసుకునే రాస్తున్నాను. (అంకెలు లేని చోట నా మాట నమ్మాలో వద్దో పాఠకుల ఇష్టం.)

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. నాచారంలోని ఒక కర్మాగారంలో చిన్న ఇంజనీరును. కొత్త యంత్రం నడపడం నేర్చుకు రమ్మని యాజమాన్యం నన్ను పన్నెండు వారాల పాటు జపాను ఉత్తర కొసన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణానికి పంపింది. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం, మేమంతా కొలిమి మామ అని పిలుచుకునే పెద్ద ఫిట్టరు, టిఫిను డబ్బా మూత పెడుతూ నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, గాడ సలి మస్తుంటదట. స్వెట్టర్ కొన్నవా?"

"రెండు కొన్నాను మామా."

"సలికంటే స్వెట్టరున్నది. మాట్లాడ మనిషి లేకుంటే ఏం తొడుగుతవ్? గాళ్ళ భాష నీకు రాదాయె. ఎవలనన్న ఒకల్ని దోస్తు చేసుకో. మూడు నెల్లు నోరు మూసుకోని కూసుంటే మనిషి ఖరాబైతడు."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ సలహాను నోటుబుక్కులో ఎక్కించలేదు. అందులో కొలవదగినది ఏదీ నాకు కనిపించలేదు.

అక్కడ వారంలో ఆరు రోజులు యంత్రం చప్పుడులో గడిచిపోయేవి. ఏడో రోజే కష్టం. శనివారం సాయంత్రానికల్లా వసతిగృహంలోని వారందరూ తమ తమ ఊళ్ళకు వెళ్ళిపోయేవారు. ఆ పొడవాటి వరండాలో ఇరవై నాలుగు తలుపులు, వాటిలో ఒకదాని వెనుక నేను. మొదటి ఆదివారం కింద నా పుస్తకంలో ఇలా ఉంది: "ఉష్ణోగ్రత మైనస్ ఆరు. పలికిన మాటలు నాలుగు." (ఆ నాలుగింటిలో రెండు, గడ్డం గీసుకుంటూ అద్దంలోని నాతో నేనే అన్నవి.) ఆ రోజు మామ మాట గుర్తుకు వచ్చి కొంచెం భయం వేసింది. గదిలో కూర్చుంటే నిజంగానే ఖరాబవుతానని, పట్టణంలో చూడదగినవన్నీ చూసి రావాలని నిశ్చయించుకున్నాను. మనుషులు ఎక్కడో ఒకచోట తగలకపోరు గదా.

రెండో ఆదివారం లైట్‌హౌసుకు నడిచాను. నాలుగు వేల ఆరు వందల పది అడుగులు. చలికాలమంతా దానికి తాళమే. తిరుగు ప్రయాణంలో నాలుగు వేల ఏడు వందల రెండు అడుగులు వచ్చాయి; ఆ తొంభై రెండు అడుగుల తేడా గాలి ఎదురైనందువల్లనని అప్పట్లో తీర్మానించాను. మూడో ఆదివారం రేవు పక్కనున్న మ్యూజియం. వలలు నీటిపై తేలడానికి కట్టే గాజు బుంగలు, తాళ్ళు, పడవ చుక్కానులు ఉన్నాయి. ప్రతి వస్తువు కింద ఒక చీటీ, చీటీ నిండా వాళ్ళ లిపి. నాకు చదవ వచ్చినవి అంకెలు మాత్రమే గనుక అవే శ్రద్ధగా రాసుకున్నాను. అందుచేత నా పుస్తకంలో "63" అనీ, "128" అనీ ఉన్నాయి గానీ, అవి సంవత్సరాలో, మూరలో, మునిగిపోయిన పడవలో నాకు ఈనాటికీ తెలియదు. టికెట్టు ఇచ్చిన మనిషి ఒకసారి నడుము వంచి నమస్కరించి కిటికీ మూసుకున్నాడు. ఆ రోజు మాటల లెక్క: సున్న.

నాలుగో ఆదివారం ఒక పాత చేపల వర్తకుని ఇంటికి వెళ్ళాను. దాన్నే మ్యూజియంగా మార్చి, కనిపెట్టుకొని ఉండడానికి ఒక ముసలాయనను పెట్టారు. తలుపు తీయగానే లోపల పల్లపు చోటు ఒకటి, దాని అంచున గుడ్డ చెప్పుల జతలు కనిపించాయి. పాదరక్షలతో ఇంట్లోకి పోరాదన్న నియమం నాకెవరూ చెప్పనక్కరలేదని గర్వపడ్డాను. అయితే మన ఇళ్ళలో గడప లోపల బూట్లు విడవడం ఎంత అమర్యాద! కాబట్టి, ఆ పల్లపు చోటు బూట్లు విడవడానికేనని తెలియక, వెనక్కి తిరిగి, వెలుపలి మెట్టు మీద జత కలిపి, మొనలు వీధివైపు ఉండేట్టు పొందికగా విడిచి లోపలికి వెళ్ళాను. యాభై నిమిషాలు దూలాలు లెక్కపెట్టి బయటికి వచ్చేసరికి మెట్టు మీద బూట్లు లేవు. రెండు మంచు గుట్టలు ఉన్నాయి.

ముసలాయన నన్నూ నా మేజోళ్ళనూ చూశాడు, గుట్టలను చూశాడు, తమ భాషలో సుదీర్ఘంగా ఏదో అన్నాడు. (మెచ్చుకోలు కాదని స్వరాన్ని బట్టి గ్రహించాను.) బూట్లను కొయ్యముక్కల్లా పట్టుకుపోయి పొయ్యి పక్కన పెట్టి, కూర్చోమని నాకొక మెత్త చూపించి, టీ పోశాడు. బూట్లు ఆరడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ సేపంతా ఏం చేయాలి? నేను నోటుబుక్కు తెరిచి 27 అని రాసి నన్ను చూపించుకున్నాను. ఆయన పెన్సిలు తీసుకొని 71 అని రాశాడు. అక్కడి నుంచి మా సంభాషణ జోరందుకుంది. ఆయన కిటికీ బయట చూపించి మైనస్ 14 అని వేస్తే, నేను మా ఊరి ఎండాకాలం అని సైగ చేసి 43 అని వేశాను. ఆయన జాలిగా తల ఊపి, నా పొరపాటు దిద్దుతున్నట్టు ఆ 43 ముందు ఒక మైనస్ పెట్టాడు. నేను కొట్టేశాను. ఆయన మళ్ళీ పెట్టాడు. నేను చెమట తుడుచుకున్నట్టు అభినయించాక గాని ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక పడీపడీ నవ్వాడు. తరువాత గదిని చుట్టూ చూపించి, తన ఛాతీ మీద చేయి వేసుకొని, 1 అని రాశాడు. నేను దాని పక్కన ఇంకొక 1 రాశాను. ఆయన నా కప్పులో మళ్ళీ టీ పోశాడు.

ఐదో ఆదివారం నేను బూట్లు మళ్ళీ బయటే విడిచాను. ఈసారి పొరపాటు కాదని ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను. మంచు కురిసింది, బూట్లు నిండాయి, టీ వచ్చింది. ఆరో ఆదివారం దురదృష్టవశాత్తు ఆకాశం నిర్మలంగా ఉంది. గంటసేపు చూసిన దూలాలనే చూసి బయటికి వచ్చేసరికి బూట్లు పొడిగా, తళతళలాడుతూ ఉన్నాయి. వాటిని తొడుక్కొని ఇరవై నాలుగు తలుపుల వరండాకు పోవాలి. అటూ ఇటూ చూశాను. వంగి, రెండు దోసిళ్ళ మంచు తీసి కుడి బూటులో పోశాను. ఎడమ దానిలో మూడో దోసిలి కుక్కుతూ తలెత్తితే, కిటికీ అద్దం వెనుక ముసలాయన నిలబడి ఉన్నాడు.

జీవితంలో అంతగా సిగ్గుపడిన రోజు మరొకటి లేదు. పారిపోదామంటే కాళ్ళకు బూట్లు లేవు. ఆయన బయటికి వచ్చాడు. నా చేతిలో బూటు తీసుకొని బోర్లించి తట్టాడు, రెండోదీ తట్టాడు, రెండింటినీ పొయ్యి పక్కన పెట్టాడు. టీ పోశాక నా పుస్తకం తనవైపు లాక్కొని 9:30 అని రాసి, గోడ మీది క్యాలెండరులో వచ్చే ఆదివారం మీద వేలు పెట్టాడు. ఆ మ్యూజియం తెరిచేది పదింటికి.

మిగిలిన ఆరు ఆదివారాలూ నేను తొమ్మిదిన్నరకే వెళ్ళాను. తలుపు తీసి ఉండేది, బూట్లు లోపలే విడిచేవాణ్ణి.

తిరిగి వచ్చాక ఇదంతా మామకు చెబితే, క్యాంటీను బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. "గింత సదువు సదివి, నీ బూట్ల నువ్వే మంచు పోసుకున్నవారా అల్లుడా!" నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకున్నాక నెమ్మదిగా అన్నాడు: "మంచిగ చేసినవ్ తీయ్."

మామ పోయి చాలాకాలమైంది. మా ఆవిడ పోయి నాలుగేళ్ళు దాటింది. నా వయసు ఆనాటి ముసలాయన వయసును మూడేళ్ళ కిందటే దాటింది. రోజూ ఉదయం పదకొండుకు మా వీధి చివరి మందుల దుకాణానికి వెళ్ళి రక్తపోటు చూపించుకుంటాను. ఇంట్లో యంత్రం ఉంది గానీ, అది సరిగ్గా చూపడం లేదేమోనని అనుమానం అని దుకాణదారుకు చెప్పాను. ఆయన నలభై దాటిన, నిదానమైన మనిషి. మొన్న నా చేతికి పట్టీ చుట్టబోయి ఆగాడు.

"సారూ, తప్పుగ అనుకోకుండ్రి. మొన్న నూట ముప్పై, నిన్న నూట ముప్పై, మీ పుస్తకంల ఇంటిది గూడ నూట ముప్పయ్యే రాసుకున్నరు. మీ మిషన్ మంచిగనే ఉన్నది."

నేను పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను.

"ఉత్తగనే రాండ్రి సార్," అంటూ ఆయన స్టూలును ఫ్యాను కిందికి జరిపాడు. "పదకొండింటికి గిరాకీ గూడ ఉండది. జరసేపు కూసోని పోండ్రి."

మరునాడు రక్తపోటు ఊసెత్తకుండానే వెళ్ళి కూర్చున్నాను. ఆయన పెద్దకూతురి ఇంటర్ గురించీ, పీర్జాదిగూడలో తాను కట్టుకుంటున్న ఇంటి గురించీ చెప్పాడు. నేను సిమెంటు పాళ్ళ గురించి, అడగకపోయినా, చెప్పాను. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. (గడియారం చూసుకోవడం మాత్రం మానలేకపోయాను.)